అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు మూలం వెతకడం ఎలా? అటెన్‌బరో దారిలో ఒక సమగ్ర మార్గదర్శి

1982లో వచ్చిన ‘గాంధీ’ సినిమా చూసినవాళ్లకు దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో పేరు గుర్తుండే ఉంటుంది. అడవులు, జంతువుల డాక్యుమెంటరీలు చూసేవాళ్లకు ఆయన తమ్ముడు డేవిడ్ అటెన్‌బరో గొంతు కూడా తెలుసు. వాళ్ల పేర్ల చివరనున్న ‘అటెన్‌బరో’ ఒక ఊరి పేరు కూడా. ఇంగ్లండ్ మధ్యభాగంలో, నాటింగ్‌హమ్‌షైర్‌లో, ట్రెంట్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరది. కంకర తవ్వగా మిగిలిన గోతులు నీళ్లతో నిండి అక్కడ చెరువులయ్యాయి. ఆ చెరువుల చుట్టూ ఉన్న పక్షుల అభయారణ్యాన్ని 1966లో డేవిడ్ అటెన్‌బరోనే ప్రారంభించారు.

ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్త కాదు. ‘పాటి’, ‘పల్లి’, ‘పూడి’ అని ముగిసే ఇంటిపేరు వినగానే ఏ ఊరివాళ్లో అని అడుగుతాం. ఇంగ్లీషు పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది నేరుగా నిఘంటువు తెరిచి, అర్థం చూసి, పని అయిపోయిందనుకుంటారు. నా అనుభవంలో అది తప్పు దారి. అర్థం ఆఖర్న చూడాల్సిన విషయం. ముందు ఆ పేరున్న మనుషులు ఏ కాలంలో ఎక్కడెక్కడ బతికారో తెలుసుకోవాలి. ఈ మార్గదర్శిలో ఆ వరుసనే చెబుతాను. ఉదాహరణ అటెన్‌బరోదే అయినా, ఏ అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరుకైనా ఇవే అడుగులు పనికొస్తాయి.

మొదటి అడుగు: స్పెల్లింగులన్నీ పోగుచేయండి

పాత రోజుల్లో ఇంటిపేరుకు ఒకే స్పెల్లింగ్ ఉండాలన్న పట్టింపు లేదు. చర్చిలో రాసేవాడు చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. చాలామందికి చదువు లేదు కాబట్టి సరిదిద్దే అవకాశమూ లేదు. అటెన్‌బరో పేరుకు చివర ‘ఓ-యు-జి-హెచ్’ ఉన్న రూపం ఇప్పుడు ప్రసిద్ధం. అటెన్‌బర్రో, అటెన్‌బారో, అటెన్‌బ్రో అనే రూపాలు కూడా ఇంటిపేర్లుగా ఉన్నాయి. ఒకే కుటుంబంలో తండ్రి ఒక రూపంలో, కొడుకు ఇంకో రూపంలో కనిపించినా కంగారు పడకండి.

వెతికేటప్పుడు ‘ఏ-టి-టి-ఈ-ఎన్-బి’ దాకా టైపు చేసి, చివర నక్షత్రం గుర్తు పెట్టండి. చాలా వెబ్‌సైట్లు ఆ తర్వాత ఏ అక్షరాలున్నా పట్టుకొస్తాయి. పాత చేతిరాతను కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్ల పొరపాట్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. అడ్డగీత మాసిపోతే రెండు ‘టి’లు రెండు ‘ఎల్’లలా కనిపిస్తాయి, అప్పుడు అటెన్‌బరో కాస్తా అలెన్‌బరో అవుతుంది. ఇక్కడే ఒక జాగ్రత్త. ఎలెన్‌బరో అనేది పూర్తిగా వేరే పేరు. 1842 నుంచి 1844 దాకా మన దేశంలో గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ ఎలెన్‌బరో బిరుదు కంబర్లాండ్‌లోని మరో ఊరి నుంచి వచ్చింది. వినడానికి దగ్గరగా ఉన్న పేర్లన్నీ ఒకే గంపలో వేయకండి. ఒక రూపాన్ని మీ జాబితాలో చేర్చాలంటే, ఆ రూపంలోనూ అసలు రూపంలోనూ ఒకే మనిషి కనీసం ఒక్కసారైనా కనబడాలి.

1911 జనాభా లెక్కలు ఇందుకు బాగా ఉపయోగపడతాయి. అంతకుముందు లెక్కల్లో గుమాస్తాలు ఎత్తిరాసిన పుస్తకాలే మిగిలాయి. 1911వి మాత్రం ఇంటి యజమాని తన చేత్తో నింపిన కాగితాలు. తన పేరును ఆ కుటుంబమే ఎలా రాసుకుందో అక్కడ చూడొచ్చు.

రెండో అడుగు: 1881 పటం గీయండి

అన్ని జనాభా లెక్కల్లో 1881నే ఎందుకు ఎంచుకోవాలి? కుటుంబ చరిత్ర సంఘాల వాలంటీర్లు, మోర్మన్ చర్చి కలిసి ఆ లెక్కలను పూర్తిగా ఎత్తిరాశారు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అప్పటికి రైళ్లు వచ్చినా, మనుషులు తాతల ఊళ్లకు మరీ దూరం పోలేదు. అందుకే ఇంటిపేర్ల మీద పనిచేసే పండితులు కూడా ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

పేరున్న ప్రతి మనిషికీ ఒక వరుస చొప్పున స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోండి. పేరు, వయసు, వృత్తి, ఉంటున్న పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం), పుట్టిన పారిష్ ఉండాలి. ఆఖరిదే అన్నిటికన్నా ముఖ్యం. ఉంటున్న చోటుతో ఒక పటం, పుట్టిన చోటుతో ఇంకో పటం గీసి పక్కపక్కన పెట్టండి. 60 ఏళ్లు దాటినవాళ్లు పుట్టిన ఊళ్లు మాత్రమే తీసుకుంటే, పటం ఒక్కసారిగా 1820ల కంటే వెనక్కి వెళ్లిపోతుంది. ఈ చిన్న కిటుకు నాకు చాలా ఇష్టం.

అటెన్‌బరో పటంలో నాటింగ్‌హమ్‌షైర్, దాన్ని ఆనుకున్న డెర్బీషైర్ నిండుగా కనిపిస్తాయి. లండన్‌లో కూడా కొన్ని చుక్కలుంటాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. లండన్ పెద్ద నగరం కాబట్టి ఏ పేరైనా అక్కడ కొందరుంటారు. అందుకే తలలు లెక్కపెట్టి ఊరుకోకుండా, జనాభాతో భాగించాలి. ఉదాహరణకు ఒక జిల్లాలో 4 లక్షల మంది జనంలో 80 మందికి ఆ పేరుంది, లండన్‌లో 40 లక్షల మందిలో 100 మందికి ఉంది అనుకుందాం. తలల లెక్కలో లండనే ముందు. లక్షకు ఎందరని చూస్తే జిల్లాలో 20, లండన్‌లో రెండున్నర. అసలు గూడు ఎక్కడో అప్పుడు తెలుస్తుంది.

లండన్ చుక్కల్ని అలాగని కొట్టిపారేయకూడదు, వాటికీ ఒక కథ ఉంటుంది. 19వ శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే పేరున్న తాకట్టు వ్యాపారులు. చనిపోయిన ఒకరి ఆస్తిలోని వెండి సామాను వాళ్ల దగ్గర తాకట్టు పెట్టగా వచ్చిన తగాదా, ‘అటెన్‌బరో వర్సెస్ సాలమన్’ పేరుతో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ దాకా వెళ్లింది. 1913 నాటి ఆ తీర్పును ట్రస్టుల చట్టం చదివే విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. కాబట్టి వృత్తి గడిని ఖాళీగా వదిలేయకండి. దూరంగా పడిన చుక్కను వివరించేది చాలాసార్లు వృత్తే.

వృత్తి విషయంలో ఇంకో మాట. 1890లో హెన్రీ గప్పీ అనే ఆయన బ్రిటన్ ఇంటిపేర్ల సొంత ఊళ్లను వెతకడానికి రైతుల్నే లెక్కపెట్టాడు. నేలను నమ్ముకున్నవాడు అందరికంటే తక్కువ కదులుతాడన్నది ఆయన తర్కం. మీ జాబితాలో రైతుల్ని వేరే రంగుతో గుర్తించి చూడండి.

మూడో అడుగు: 1837 నుంచి ఇటు రిజిస్ట్రేషన్లు

ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వం జనన, వివాహ, మరణాలను నమోదు చేయడం 1837 జూలై 1న మొదలైంది. వాలంటీర్లు నడిపే ఫ్రీబీఎండీ వెబ్‌సైట్‌లో ఆ సూచికలు (పేర్ల పట్టికలు) ఉచితం. జనరల్ రిజిస్టర్ ఆఫీసు కొత్తగా తయారుచేసిన ఆన్‌లైన్ సూచికలో మొదటి నుంచీ పిల్లల తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. అరుదైన ఇంటిపేరుకు ఇది పెద్ద వరం. తల్లి పుట్టింటి పేరుతో జతచేస్తే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు సర్టిఫికెట్ కొనకుండానే ఒకచోట చేరతారు.

సూచికలు మూడు నెలలకోసారి తయారయ్యేవి. జననాన్ని నమోదు చేయడానికి 42 రోజుల గడువు ఉండేది. డిసెంబరులో పుట్టిన బిడ్డ తర్వాతి ఏడాది మార్చి త్రైమాసికంలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. 1875కు ముందు నమోదు చేయించే బాధ్యత గట్టిగా తల్లిదండ్రుల మీద లేదు, కాబట్టి కొందరు దొరకరు.

రిజిస్ట్రేషన్ జిల్లా దగ్గర ఒక గట్టి చిక్కుంది. అది కౌంటీ (నాటింగ్‌హమ్‌షైర్, డెర్బీషైర్ లాంటి పెద్ద విభాగం) సరిహద్దుల్ని పట్టించుకోదు. అటెన్‌బరోకు ఐదు కిలోమీటర్లలోపే ఉన్న స్టేపుల్‌ఫర్డ్ నాటింగ్‌హమ్‌షైర్ ఊరు. కానీ 19వ శతాబ్దంలో అక్కడ పుట్టినవాళ్లు డెర్బీషైర్‌లోని షార్డ్‌లో జిల్లా కింద నమోదయ్యారు. సూచిక చూసి డెర్బీషైర్‌లో చుక్క పెడితే మీ పటం తప్పుతుంది. చుక్క పెట్టేముందు జిల్లా కింద ఏయే ఊళ్లున్నాయో చూసుకోండి.

ఆ స్టేపుల్‌ఫర్డ్‌లోనే 1887లో ఫ్రెడరిక్ అటెన్‌బరో పుట్టారు. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఆయనే. తర్వాత లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యారు. రిచర్డ్ 1923లో కేంబ్రిడ్జ్‌లో, డేవిడ్ 1926లో లండన్ శివార్లలోని ఐల్‌వర్త్‌లో పుట్టారు, ఇద్దరూ పెరిగింది లెస్టర్‌లో. కొడుకుల పుట్టిన ఊళ్లు చూస్తే ఈ ఇంటిపేరు జాడ ఏమీ తెలియదు. ఒక్క తరం వెనక్కి వెళ్లగానే అసలు ఊరి పొలిమేరకు చేరిపోతాం. ప్రసిద్ధుల నుంచి మొదలుపెట్టవద్దని నేను చెప్పేది ఇందుకే. చదువు, ఉద్యోగం ముందుగా కదిలించేది వాళ్లనే.

నాలుగో అడుగు: జనాభా లెక్కల్లో ముందుకూ వెనక్కూ

దీన్ని క్లుప్తంగా చెబుతాను. 1851 నుంచి పుట్టిన పారిష్ రాశారు. 1841లో అదే కౌంటీలో పుట్టారా లేదా అని మాత్రమే ఉంటుంది, పైగా 15 దాటినవాళ్ల వయసును ఐదుల్లోకి తగ్గించి రాశారు. 39 ఏళ్లవాడు 35గా కనిపిస్తాడు. 1931 లెక్కలు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. ఆ ఖాళీని 1939 సెప్టెంబరు 29న తీసిన రిజిస్టర్ కొంత పూడుస్తుంది. 1921 లెక్కలు నూరేళ్ల గడువు ముగిశాక 2022 జనవరిలో బయటికొచ్చాయి.

ఐదో అడుగు: పారిష్ రిజిస్టర్లు, వీలునామాలు

1837కు ముందు మీకు దిక్కు చర్చే. 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయడం మొదలైంది. 1598 నుంచి వాటి నకళ్లు బిషప్‌కు పంపాలన్న నియమం వచ్చింది. అసలు పుస్తకం చెదలు పట్టినా, నకలు దొరకవచ్చు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, బాప్తిస్మం దగ్గర తండ్రి వృత్తి, నివాసం ఉంటాయి. అంతకుముందు చాలాచోట్ల ఒక్క పంక్తే.

తేదీలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్‌లో 1700 ఫిబ్రవరి అని ఉంటే, మన లెక్కలో అది 1701 ఫిబ్రవరి. ఇది తెలియక తల్లి పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందని రాసేసినవాళ్లు ఉన్నారు.

1640ల నుంచి 1660 దాకా రిజిస్టర్లలో ఖాళీలు సర్వసాధారణం. అంతర్యుద్ధం, ఆ తర్వాతి రాజులేని పాలన అందుకు కారణం. ఆ యుద్ధంలో పార్లమెంటు పక్షాన పోరాడి, రాజు మొదటి చార్లెస్ మరణశిక్ష ఉత్తర్వు మీద సంతకం పెట్టిన హెన్రీ ఐర్టన్ పుట్టింది అటెన్‌బరో ఊళ్లోనే, 1611లో. ఖాళీ తగిలితే పక్క పారిష్‌లు చూడండి, 1662 తర్వాతి పొయ్యిల పన్ను జాబితాలు చూడండి. ఇంట్లో ఎన్ని పొయ్యిలున్నాయో లెక్కపెట్టి వేసిన పన్ను అది. ఇంటి యజమాని పేరుతో పాటు ఆ ఇంటి స్థోమత కూడా కాస్త తెలుస్తుంది.

వీలునామాల దగ్గర సరిహద్దు మళ్లీ అడ్డం వస్తుంది. 1858 నుంచి ఇంగ్లండ్, వేల్స్ మొత్తానికి ఒకే సూచిక ఉంది కాబట్టి సులువు. అంతకుముందు చర్చి కోర్టులదే అధికారం. అటెన్‌బరో పక్కనే ఎరివాష్ అనే చిన్న నది ట్రెంట్‌లో కలుస్తుంది. ఆ నదే రెండు కౌంటీల మధ్య హద్దు. ఇవతలి నాటింగ్‌హమ్‌షైర్ 1837 దాకా యార్క్ మతమండలం కింద ఉంది, అవతలి డెర్బీషైర్ లిచ్‌ఫీల్డ్ కింద. నదికి అటూ ఇటూ ఉన్న అన్నదమ్ముల వీలునామాలు రెండు వేరే వేరే నగరాలకు పోయాయన్నమాట. యార్క్ వైపువి కొన్ని యార్క్ విశ్వవిద్యాలయంలోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఒకవైపే వెతికి ‘వంశం ఇక్కడితో ఆగిపోయింది’ అని రాయకండి.

ఆరో అడుగు: ఇప్పుడు అర్థం

ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు 1066 నాటి నార్మన్ విజయం తర్వాత మెల్లగా వచ్చాయి. 1400 ప్రాంతానికి చాలాచోట్ల తండ్రి నుంచి కొడుక్కి దిగే ఆస్తిలా స్థిరపడ్డాయి. 1327, 1332 నాటి పన్ను జాబితాలు, 1377, 1379, 1381 నాటి తలపన్ను జాబితాలు ఈ దశకు సాక్ష్యాలు. మీ పేరు వాటిలో ఎక్కడ, ఏ రూపంలో ఉందో చూడండి. పేరు ముందు ‘డి’ ఉంటే ఫలానా ఊరినుంచి అని. ‘అటె’ లేదా ‘అటెన్’ ఉంటే ఫలానా చెట్టు దగ్గర, దిబ్బ దగ్గర ఉండేవాడు అని.

ఆ ‘అటెన్’ వల్లే అటెన్‌బరోకు ఒక ఆకర్షణీయమైన అర్థం పుట్టుకొచ్చింది: ‘కోట దగ్గర ఉండేవాడు’ అని. ఇది గాలి మాట కూడా కాదు, ఇలాంటి పేర్లు నిజంగానే ఉన్నాయి. ‘అటెన్ ఓక్’, అంటే ఓక్ చెట్టు దగ్గర అన్న మాటలోంచి నోక్స్ అనే ఇంటిపేరు వచ్చింది. ‘అటెన్ ఆష్’ నుంచి నాష్ వచ్చింది. మన సంధుల్లో అక్షరాలు జారినట్టే ‘న్’ జారి పక్క మాటకు అతుక్కుంది.

కానీ ఊరి పేరు పాత రూపం చూడండి. 12వ శతాబ్దంలో అది ‘అడిన్‌బుర్ఖ’ వంటి రూపంలో ఉంది. మధ్యలో ఉన్నది ‘డ’. స్థలనామాల పండితులు దాన్ని అడ్డ లేదా ఎడ్డి అనే మనిషి పేరుకు ‘ఇంగ్’, ఆపైన కోట అని అర్థమిచ్చే ‘బుర్హ్’ చేరిందని వివరిస్తారు. అంటే అడ్డగారి కోట. ‘డ’ కాలక్రమంలో ‘ట’ అయి, ఆనక ‘అటెన్’ లాగా కనబడింది. కాబట్టి ఊరి పేరు వరకు ‘కోట దగ్గర’ అన్న అర్థం నిలవదు.

మరి ఇంటిపేరు ఊరినుంచే వచ్చిందా, లేక వేరే చోట వేరే ‘అటెన్ బరో’ నుంచి వచ్చిందా? దీన్ని నిఘంటువు తేల్చలేదు. మీరు గీసిన పటం తేలుస్తుంది. దిబ్బలు, కోటలు ఇంగ్లండ్ అంతటా ఉన్నాయి. పేరు వాటి నుంచి వచ్చి ఉంటే చుక్కలు దేశమంతా చెదిరి ఉండాలి. అవి ఒకే ఊరి చుట్టూ గుమిగూడి ఉన్నాయి. అందువల్ల ఊరినుంచి వచ్చిందనడమే సబబు. అర్థాన్ని ఆఖర్న చూడమన్నది ఇందుకే.

చుక్కలు సరిగ్గా ఊళ్లో కాకుండా దాని చుట్టుపక్కల ఉంటే అనుమానించకండి. సొంత ఊళ్లో ఉన్నంతకాలం ఎవరూ మనల్ని ఆ ఊరి పేరుతో పిలవరు. పక్క ఊరికి వెళ్లి స్థిరపడ్డాకే ‘ఫలానా ఊరాయన’ అవుతాం. అక్కడా అంతే.

ఏడో అడుగు: డీఎన్ఏ ఎంతవరకు చెబుతుంది

ఇంటిపేరు లాగే వై క్రోమోజోమ్ కూడా తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ ఈ పోలికనే పరీక్షించారు. ఫ్రెడరిక్ అటెన్‌బరో నడిపిన కాలేజీయే తర్వాత ఆ విశ్వవిద్యాలయమైంది. 2006లో వాళ్లు ఒకే ఇంటిపేరున్న 150 జతల మగవాళ్లను పోల్చారు. మొత్తం మీద 24 శాతం జతల్లో ఉమ్మడి పూర్వీకుడి జాడ కనబడింది, అరుదైన పేర్లలో అది 50 శాతానికి దగ్గరైంది. 2009లో 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని చూశారు. పేరు ఎంత అరుదైతే అంత దగ్గరి పోలిక. అటెన్‌బరో పేరున్నవాళ్లలో 70 శాతానికి పైగా ఒకే రకం, లేదా దాదాపు ఒకే రకం వై క్రోమోజోమ్ కనిపించింది.

ఇది చదివి ‘ఒకే మూలపురుషుడు’ అని రాసేయడం తొందరపాటు. ఆ పరిశోధకులే దీని గురించి హెచ్చరించారు. 700 ఏళ్ల క్రితం ఆ పేరు నలుగురు వేర్వేరు మనుషులకు వచ్చి ఉండొచ్చు. వారిలో ముగ్గురి వంశాల్లో ఏదో ఒక తరంలో మగపిల్లలు లేక పేరు ఆగిపోయి ఉండొచ్చు. నాలుగో ఆయన మునిమనవలే ఇవాళ మిగిలి ఉంటే, డీఎన్ఏలో మనకు ఒక్కడే కనిపిస్తాడు. డీఎన్ఏ చెప్పేది మిగిలినవాళ్ల గురించే, మొదలైనవాళ్ల గురించి కాదు. దత్తత, తల్లి ఇంటిపేరు పెట్టుకోవడం వంటి కారణాల వల్ల పోలిక తెగిపోవచ్చు కూడా. అలా తెగినంత మాత్రాన ఆ కుటుంబం పేరుకు పరాయిది కాదు. పరీక్ష చేయించమని ఎవరినైనా అడిగేముందు ఈ సంగతి వాళ్లకు స్పష్టంగా చెప్పండి.

ఎనిమిదో అడుగు: ఇవాళ ఎక్కడున్నారు

విచిత్రంగా అనిపించవచ్చు కానీ, 1881 కంటే ఇవాళ్టి పటం గీయడమే కష్టం. 2002 నుంచి బ్రిటన్ ఓటరు జాబితాలో రెండు రకాలున్నాయి. పూర్తి జాబితా బయటివాళ్లకు అమ్మరు. బహిరంగ జాబితాలోంచి ఇష్టం లేనివాళ్లు తప్పుకోవచ్చు. టెలిఫోన్ డైరెక్టరీలు సెల్‌ఫోన్లతో పాటే పనికిరాకుండా పోయాయి. ప్రపంచ పటాలు చూపించే వెబ్‌సైట్లు ఇచ్చే అంకెలు అంచనాలే. వాటిని దేశాల మధ్య పోలికకు వాడండి, ‘ఇంతమంది ఉన్నారు’ అని చెప్పడానికి వాడకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 1881 పటాన్ని, ఇటీవలి ఓటరు జాబితాల పటాన్ని పక్కపక్కన పెట్టి చూపించారు. అరుదైన పేర్లు చాలావరకు ఈ నూరేళ్లలోనూ పాత గూడు చుట్టూనే ఉన్నాయి. నన్ను ఈ పనిలోకి లాగింది ఆ పటాలే.

ఒక ఇంటిపేరు మీద ఇలా ప్రపంచమంతా వెతకడాన్ని అక్కడ ‘వన్ నేమ్ స్టడీ’ అంటారు. అలా పనిచేసేవాళ్ల సంఘం 1979లో ఏర్పడింది. మీరు ఎంచుకున్న పేరు మీద ఇప్పటికే ఎవరైనా పనిచేస్తున్నారేమో వాళ్ల జాబితాలో ముందే చూడండి. బతికున్నవాళ్ల చిరునామాలు, పుట్టిన తేదీలు మీ పటంలోగానీ, మీరు పంచుకునే ఫైల్‌లోగానీ పెట్టకండి.

తొమ్మిదో అడుగు: ఇండియా రికార్డులు

ఏ ఇంగ్లీషు ఇంటిపేరుకైనా ఒక కొమ్మ ఇటువైపు వచ్చిందేమో చూడాల్సిందే. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు రికార్డుల్లో చర్చి నమోదులు మూడు వరుసలుగా ఉన్నాయి: బెంగాల్‌కు ఎన్/1, మద్రాసుకు ఎన్/2, బొంబాయికి ఎన్/3. విశాఖపట్నం, మచిలీపట్నం, బళ్లారి వంటి చోట్ల జరిగినవాటికి మద్రాసు వరుస చూడాలి. ఈ కుటుంబాల మీద పనిచేసే ఫిబిస్ అనే సంఘం సమాధుల రాతలను కూడా పోగుచేస్తోంది.

ఇక్కడ మన తెలుగువాళ్లు చేయగలిగింది చాలా ఉంది. కోస్తా పట్టణాల్లో, సికింద్రాబాద్ కంటోన్మెంటులో పాత సమాధి రాళ్లు ఏటేటా అరిగిపోతున్నాయి. ఎప్పుడైనా వెళితే పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడే చెక్కిన అక్షరాలు తేలతాయి. రాయి మీద సుద్ద రుద్దకండి, అది రాయిని పాడుచేస్తుంది. స్పెల్లింగ్ తప్పనిపించినా సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు రాసుకోండి. సైనికుడిదైతే రెజిమెంట్ పేరు, నంబరు తప్పనిసరిగా ఫొటో తీయండి. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో సైనికుల జాబితాలు రెజిమెంట్ల వారీగానే ఉన్నాయి. విశ్రాంత సైనికుల పింఛను కాగితాల్లో చాలాసార్లు పుట్టిన పారిష్ కూడా ఉంటుంది. ఆ పారిష్ దొరికితే, మీ 1881 పటంలో ఇంకో చుక్క పెట్టుకోవచ్చు.